ఎర్రర్ ఈ లైన్లో, తప్పు పై లైన్లో: జావాస్క్రిప్ట్ సెమికోలన్ చిక్కులు విప్పే సమగ్ర మార్గదర్శి

మన విశాఖలో ఇంజనీరింగ్ చదివే పిల్లల్లో చాలామంది ముందు సి, తర్వాత జావా నేర్చుకుని, ఆ మీదట వెబ్ కోసం జావాస్క్రిప్ట్‌కి వస్తారు. సి కంపైలర్‌కి వాక్యం చివర సెమికోలన్ (;) కనబడకపోతే ప్రోగ్రామ్‌ను ముందుకు పోనివ్వదు, ఏది లేదో పేరు పెట్టి చెబుతుంది. జావాస్క్రిప్ట్ అలా కాదు. చాలాసార్లు ఊరుకుంటుంది, కొన్నిసార్లు అర్థం మార్చేసుకుంటుంది. మార్చేసుకున్నప్పుడు వచ్చే ఎర్రర్‌లో సెమికోలన్ అన్న మాటే ఉండదు. "ఫలానాది ఫంక్షన్ కాదు" అంటుంది, మనం దాన్ని ఫంక్షన్‌లా పిలిచిందే లేదు. "ఇనిషియలైజ్ కాకముందే వాడారు" అంటుంది, పై లైన్లోనే విలువ ఇచ్చాం. మధురవాడలో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు, మద్దిలపాలెం హాస్టళ్లలో ప్రాజెక్టు చేసుకునేవాళ్లు ఇక్కడే గంటలు పోగొట్టుకుంటారు. ఆ గంటలు మిగలాలనే ఇది రాస్తున్నాను.

ఉదాహరణలన్నీ ఒకే చిన్న ప్రాజెక్టులోవి అనుకుందాం: ఫిషింగ్ హార్బర్‌లో చేపల ధరలు చూపించే వెబ్ పేజీ. ధరలు ఉదాహరణ కోసం వేసినవే. కోడ్ కూడా తెలుగు లిపిలోనే రాశాను. లెట్, రిటర్న్, ఫంక్షన్, కన్సోల్.లాగ్ లాంటి జావాస్క్రిప్ట్ సొంత మాటలను మీ ఎడిటర్‌లో ఇంగ్లీషు అక్షరాలతో కొట్టండి. వంజరం, చందువ లాంటి వేరియబుల్ పేర్లను తెలుగులోనే ఉంచినా ఫర్వాలేదు, జావాస్క్రిప్ట్ యూనికోడ్ అక్షరాల పేర్లను ఒప్పుకుంటుంది.

మొదటి మెట్టు: తప్పును కళ్లారా చూడండి

సిద్ధాంతం తర్వాత చూద్దాం. బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి కన్సోల్ తెరవండి, లేదా ఒక ఫైల్లో రాసి, బ్రౌజర్ లేకుండానే జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్‌తో నడపండి. రెండు చేపల ధరలు తారుమారుగా పడ్డాయి, వాటిని అటూ ఇటూ మార్చాలి:

```
లెట్ వంజరం = 900
లెట్ చందువ = 700
[వంజరం, చందువ] = [చందువ, వంజరం]
```

ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేనట్టే ఉంటుంది. నడిపితే మాత్రం క్రోమ్‌లో రిఫరెన్స్ ఎర్రర్ వస్తుంది: 'చందువ'ను ఇనిషియలైజ్ కాకముందే వాడలేరు అని. రెండో లైన్లో 700 అని ఇచ్చి, మూడో లైన్లో వాడితే "ముందే వాడారు" అనడం ఏమిటి?

జావాస్క్రిప్ట్ చదివింది మూడు లైన్లను కాదు, రెండు వాక్యాలను. రెండో వాక్యం దానికి ఇలా కనబడింది:

```
లెట్ చందువ = 700[వంజరం, చందువ] = [చందువ, వంజరం]
```

700 పక్కన చదరపు బ్రాకెట్ రాగానే, "700 అనే విలువలో ఒక ప్రాపర్టీని అడుగుతున్నారు" అనుకుంది. ఆ బ్రాకెట్ లోపల చందువ ఉంది. చందువకు విలువ ఇచ్చే వాక్యం ఇంకా పూర్తి కాలేదు, అంతలోనే దాని విలువ కావాల్సి వచ్చింది. ఎర్రర్ చెప్పింది అక్షరాలా నిజమే, కాకపోతే మనం రాశామనుకున్న కోడ్ గురించి కాదు, అది చదువుకున్న కోడ్ గురించి చెప్పింది.

ఇప్పుడు లెట్ తీసేసి రెండు చోట్లా వార్ పెట్టి నడపండి. స్ట్రిక్ట్ మోడ్ (నియమాలను కఠినంగా పాటించే పద్ధతి) లేని మామూలు స్క్రిప్టులో ఎర్రరే రాదు. వంజరం 900 గానే ఉండిపోతుంది. చందువ మాత్రం అంకెగా ఉండటం మానేసి అన్‌డిఫైన్డ్, 900 అనే రెండు విలువల అరే అయిపోతుంది. పేజీలో ధర ఉండాల్సిన చోట పిచ్చి రాత వస్తుంది, కన్సోల్ మాత్రం శుభ్రంగా ఉంటుంది. నన్నడిగితే ఎర్రర్ రావడమే నయం. ఇలా నోరు మెదపకుండా తప్పు విలువ మోసుకుపోయే కోడే అసలు ప్రమాదం.

సరిచేయడానికి ఒక్క గుర్తు చాలు: 700 తర్వాత సెమికోలన్.

రెండో మెట్టు: అసలు నియమం ఏమిటో సరిగ్గా తెలుసుకోండి

"లైన్ చివర సెమికోలన్ పెట్టకపోతే జావాస్క్రిప్టే పెట్టుకుంటుంది" అని చాలామంది నేర్పుతారు. ఈ మాట సగమే నిజం. మిగతా సగం తెలియకపోవడం వల్లే పై చిక్కులన్నీ వస్తాయి.

లైన్ మారినంత మాత్రాన జావాస్క్రిప్ట్ వాక్యం ముగించదు. తర్వాతి లైన్లోని మొదటి గుర్తును కూడా ఇదే వాక్యంలో కలుపుకోవడం వ్యాకరణం ప్రకారం కుదురుతుందా అని చూస్తుంది. కుదిరితే కలిపేసుకుంటుంది. కుదరకపోతేనే, ఆ రెంటి మధ్యా లైన్ మారి ఉంటేనే, అక్కడ సెమికోలన్ ఉందని అనుకుంటుంది. దీన్నే ఆటోమేటిక్ సెమికోలన్ ఇన్సర్షన్ అంటారు, పొట్టిగా ఏఎస్ఐ. 1995లో నెట్‌స్కేప్‌లో జావాస్క్రిప్ట్‌ను తయారుచేసిన బ్రెండన్ ఐక్ 2012లో దీని గురించి రాస్తూ, శాస్త్రీయంగా చెప్పాలంటే ఇది వ్యాకరణ దోషాన్ని సరిదిద్దే పద్ధతి అన్నారు. అంటే తప్పు రాసినప్పుడు ఆదుకునే ఏర్పాటు ఇది, లైన్‌కో వాక్యం అని చేసిన వాగ్దానం కాదు. భాషకు 1997లో మొదటి ప్రమాణం వచ్చిన నాటి నుంచీ ఈ ఏర్పాటు ఉంది.

ప్రమాణంలో రాసిన నియమాలను మన మాటల్లో చెప్పుకుంటే ఇవీ. వ్యాకరణానికి సరిపడని గుర్తు ఎదురైనప్పుడు, దానికి ముందు లైన్ మారి ఉన్నా, లేక ఆ గుర్తు ముగింపు మీసాల బ్రాకెట్ (}) అయినా, దాని ముందు సెమికోలన్ ఉన్నట్టు లెక్క. డూ-వైల్ లూప్ ముగింపులో గుండ్రటి బ్రాకెట్ తర్వాత కూడా అలాగే. ఫైల్ అయిపోయినా వాక్యం పూర్తి కాలేదంటే చివర ఒకటి ఉన్నట్టు లెక్క. ఇక రిటర్న్, త్రో, బ్రేక్, కంటిన్యూ లాంటి కొన్ని మాటల తర్వాత లైన్ మారితే, కలుపుకోవడం కుదిరినా సరే అక్కడితో వాక్యం ముగిసినట్టే. ఈ చివరిదాని సంగతి విడిగా చూద్దాం, అది వేరే రకం చిక్కు.

రెండు మినహాయింపులు ఉన్నాయి. ఫర్ లూప్ తలలో ఉండాల్సిన రెండు సెమికోలన్లను జావాస్క్రిప్ట్ ఎప్పుడూ తనంతట తాను పెట్టదు. పెడితే ఖాళీ వాక్యం తయారయ్యే చోట కూడా పెట్టదు.

లైన్ మారగానే వాక్యం ముగించేస్తే ఏం పోయేది అనిపించవచ్చు. సర్వర్ నుంచి ధరలు తెచ్చే కోడ్ చూడండి:

```
ఫెచ్(చిరునామా)
  .దెన్(జవాబు => జవాబు.జేసన్())
  .దెన్(ధరలు => చూపించు(ధరలు))
  .క్యాచ్(లోపం => కన్సోల్.లాగ్(లోపం))
```

చుక్కతో మొదలయ్యే ఈ లైన్లు పై లైన్‌తో కలిసిపోతున్నాయి కాబట్టే ఇంత అందంగా రాయగలుగుతున్నాం. ఇక్కడ మనకు మేలు చేసిన గుణమే చదరపు బ్రాకెట్ దగ్గర కీడు చేసింది. జావాస్క్రిప్ట్ రెండు చోట్లా ఒకే నియమం పాటించింది.

మూడో మెట్టు: లైన్ చివర కాదు, కింది లైన్ మొదట చూడండి

ఈ వ్యాసంలో మీరు ఒక్కటే పట్టుకోవాలనుకుంటే ఇది పట్టుకోండి. సెమికోలన్ ఎక్కడ మరిచిపోయామా అని లైన్ల చివరలు వెతక్కండి. కింది లైన్ ఏ గుర్తుతో మొదలైందో చూడండి. గుండ్రటి బ్రాకెట్, చదరపు బ్రాకెట్, బ్యాక్‌టిక్ (`), ప్లస్, మైనస్, స్లాష్ (/): ఈ ఆరింటిలో ఏదో ఒకటి లైన్ మొదట ఉండి, పై వాక్యం సెమికోలన్ లేకుండా ఆగి ఉంటే, రెండూ అతుక్కునే అవకాశం ఉంది. లైన్ అక్షరంతోనో కీవర్డ్‌తోనో మొదలైతే నూటికి తొంభై పైచిలుకు సందర్భాల్లో మీకు భయం లేదు.

చదరపు బ్రాకెట్ ఇంకో రూపంలోనూ దెబ్బకొడుతుంది. నిజం ప్రాజెక్టుల్లో నేను ఎక్కువగా చూసేది ఇదే:

```
కన్సోల్.లాగ్("ధరలు వచ్చాయి")
["వంజరం", "చందువ", "రొయ్యలు"].ఫర్‌ఈచ్(చేప => చూపించు(చేప))
```

"ధరలు వచ్చాయి" అని కన్సోల్‌లో పడుతుంది. వెంటనే టైప్ ఎర్రర్: అన్‌డిఫైన్డ్ నుంచి 'రొయ్యలు' అనే ప్రాపర్టీ చదవలేను అని. ఇక్కడ ఆగి ఆలోచించండి. మూడు పేర్లు ఉంటే రొయ్యలనే ఎందుకు పట్టుకుంది? కన్సోల్.లాగ్ పని చేసి అన్‌డిఫైన్డ్‌ను తిరిగిచ్చింది. దాని వెంట చదరపు బ్రాకెట్ వచ్చింది కాబట్టి లోపలిది అరే కాదు, ప్రాపర్టీ పేరు. లోపల కామాలతో మూడు విలువలున్నాయి. కామా ఆపరేటర్ అన్నింటినీ లెక్కించి చివరిదాన్నే మిగులుస్తుంది. అందుకే రొయ్యలు. మీ అరేలోని ఆఖరి విలువ పేరు ఎర్రర్ మెసేజ్‌లో కనబడిందంటే పై లైన్లో సెమికోలన్ లేదని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. ఈ ఆనవాలును గుర్తుపెట్టుకోండి, చాలా పనికొస్తుంది. ఫైర్‌ఫాక్స్ అయితే కన్సోల్.లాగ్ ఫలితమే అన్‌డిఫైన్డ్ అని ఇంకాస్త దగ్గరగా చెబుతుంది. ఎర్రర్ అర్థం కానప్పుడు రెండో బ్రౌజర్‌లో కూడా నడిపి చూడటం అందుకే మంచి అలవాటు.

గుండ్రటి బ్రాకెట్ కథ ఇంకా లోతైనది:

```
కాన్‌స్ట్ మొత్తం = ఫంక్షన్ (ధర, కిలోలు) {
  రిటర్న్ ధర * కిలోలు
}
(ఫంక్షన్ () {
  కన్సోల్.లాగ్("పేజీ మొదలు")
})()
```

మొదటిది ఒక ఫంక్షన్‌ను పేరులో దాచుకోవడం. రెండోది రాసిన వెంటనే నడిచే ఫంక్షన్, పాత కోడ్ నిండా ఉంటుంది. వీటి మధ్య సెమికోలన్ లేదు. అందుకని మొదటి ఫంక్షన్ అప్పటికప్పుడే పిలవబడింది, రెండో ఫంక్షన్ దానికి ధర అనే ఆర్గ్యుమెంట్‌గా వెళ్లింది. ఒక ఫంక్షన్‌ను అన్‌డిఫైన్డ్‌తో గుణిస్తే వచ్చేది నాన్, అంటే అంకె కాని అంకె. ఆ తర్వాత చివర ఉన్న ఖాళీ బ్రాకెట్లు ఆ నాన్‌ను ఫంక్షన్‌లా పిలిచాయి. క్రోమ్ "ఇంటర్మీడియట్ వాల్యూ ఫంక్షన్ కాదు" అంటూ ఆగిపోతుంది. "పేజీ మొదలు" అసలు పడనే పడదు.

మొదటి ఫంక్షన్ గుణకారం కాక, ఆర్డర్‌ను సర్వర్‌కి పంపేదై ఉంటే? ఎవరూ బటన్ నొక్కకుండానే పేజీ తెరవగానే ఒక ఆర్డర్ వెళ్లిపోయేది. ఎర్రర్ ఆ తర్వాతే వచ్చేది. అందువల్ల "ఇంటర్మీడియట్ వాల్యూ" అన్న మాట కనబడితే ఎర్రర్ పోగొట్టి ఊరుకోకండి, ఈలోపు ఏ ఫంక్షన్ అనుకోకుండా నడిచిందో కూడా చూసుకోండి.

ఇదే ఉదాహరణలో ఇంకో సంగతి కూడా ఉంది. ఫంక్షన్ అనే మాటతోనే వాక్యం మొదలై, పేరు పెట్టి రాస్తే అది డిక్లరేషన్. దాని ముగింపు బ్రాకెట్ తర్వాత సెమికోలన్ అక్కర్లేదు. ఇఫ్, ఫర్, వైల్, క్లాస్ బ్లాకులకూ అక్కర్లేదు. అదే ఫంక్షన్‌ను ఈక్వల్ గుర్తుకు కుడిపక్కన రాస్తే అది విలువ. 900 తర్వాత సెమికోలన్ పెట్టినట్టే దాని తర్వాతా పెట్టాలి. బాణం గుర్తుతో (=>) రాసే యారో ఫంక్షన్లకూ ఇదే వర్తిస్తుంది. సెమికోలన్లు క్రమం తప్పకుండా పెట్టేవాళ్లు కూడా మీసాల బ్రాకెట్ చూసి "బ్లాకే కదా" అని వదిలేసేది సరిగ్గా ఇక్కడే.

మిగతా నాలుగు గుర్తులు అరుదు, త్వరగా చూసేద్దాం. బ్యాక్‌టిక్‌తో లైన్ మొదలైతే పై విలువ ట్యాగ్ ఫంక్షన్ అనుకుని పిలవబోతుంది, మళ్లీ "ఫంక్షన్ కాదు" అన్న ఎర్రరే. స్లాష్‌తో మొదలైతే, అంటే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో, దాన్ని భాగహారంగా చదువుతుంది. కొన్నిసార్లు సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది, కొన్నిసార్లు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ లోపలి అక్షరాలను వేరియబుల్ పేరు అనుకుని "అది డిఫైన్ కాలేదు" అంటుంది. ప్లస్, మైనస్ అయితే కూడికో తీసివేతో జరిగిపోతుంది. ఎర్రర్ రాదు, లెక్క తప్పుతుంది. రెండు ప్లస్‌లు మాత్రం ఈ జాబితాలోకి రావు. వాటికి ముందు లైన్ మారితే అవి పై వేరియబుల్‌కి కాక కింది వేరియబుల్‌కే చెందుతాయని నియమం.

నాలుగో మెట్టు: రిటర్న్ దగ్గర లెక్క తిరగబడుతుంది

ఇప్పటిదాకా చూసినవన్నీ వాక్యం ముగియాల్సిన చోట ముగియకపోవడం వల్ల వచ్చినవి. రిటర్న్ దగ్గర ముగియకూడని చోట ముగుస్తుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో మన పేజీ వేరే సందేశం చూపించాలి. అందుకోసం ఒక ఫంక్షన్:

```
ఫంక్షన్ వేటనిషేధం() {
  రిటర్న్
  {
    రోజులు: 61
  }
}
```

మీసాల బ్రాకెట్‌ను కింది లైన్లో మొదలుపెట్టడం సిలోనూ జావాలోనూ చాలామందికి అలవాటు. ఇక్కడ ఆ అలవాటు కొంప ముంచుతుంది. రిటర్న్ తర్వాత లైన్ మారింది కాబట్టి అక్కడే వాక్యం ముగిసింది. ఫంక్షన్ అన్‌డిఫైన్డ్ ఇచ్చి వెళ్లిపోయింది. కింది బ్రాకెట్ ఆబ్జెక్ట్ కాదు, మామూలు బ్లాక్. దాని లోపల "రోజులు:" అన్నది ఒక లేబుల్, 61 ఊరికే రాసిన అంకె. జావాస్క్రిప్ట్‌లో లేబుల్ వ్యాకరణం ఉంది కాబట్టి ఇందులో దానికి దోషమేమీ కనబడదు.

ఎర్రర్ ఈ ఫంక్షన్‌లో రాదు. వేరే ఫైల్లో ఎవరో దీన్ని పిలిచి రోజులు అడిగినప్పుడు, అక్కడ వస్తుంది, అన్‌డిఫైన్డ్ నుంచి 'రోజులు' చదవలేనని. పాపం ఆ ఫైల్ రాసినవాళ్లు తమ కోడంతా తిరగేస్తారు.

ఇప్పుడు ఆబ్జెక్ట్‌లో రెండు ప్రాపర్టీలు పెట్టి చూడండి:

```
  రిటర్న్
  {
    మొదలు: "ఏప్రిల్ 15",
    ముగింపు: "జూన్ 14"
  }
```

ఈసారి ఫైల్ నడవకముందే సింటాక్స్ ఎర్రర్: అనుకోని చోట కోలన్ ఉందని. మొదటి కోలన్ లేబుల్‌గా చెల్లింది. కామా తర్వాత వచ్చిన రెండో కోలన్‌కు చోటు లేదు. అంటే ఒక ప్రాపర్టీ ఉంటే నిశ్శబ్దం, రెండుంటే ఎర్రర్. ఎర్రర్ చూపించేది కూడా రిటర్న్ లైన్‌ను కాదు, రెండో ప్రాపర్టీ ఉన్న లైన్‌ను. "నిన్నటిదాకా బాగానే ఉంది, ఒక్క లైన్ చేర్చగానే పాడైంది" అని ఎవరైనా అంటే, ఆ చేర్చిన లైన్‌ను వదిలేసి పైన రిటర్న్ ఎలా ఉందో చూడమనండి. నిన్నటిదాకా కూడా బాగాలేదు, ఎవరూ ఆ విలువను వాడలేదు, అంతే.

ఇది సెమికోలన్లు పెడితే పోయే చిక్కు కాదు. ప్రతి లైన్ చివరా ఒళ్లు దగ్గర పెట్టుకుని పెట్టేవాళ్లకూ ఇది వస్తుంది. మందు ఒకటే: తిరిగిచ్చే విలువ రిటర్న్ ఉన్న లైన్లోనే మొదలు కావాలి. బ్రాకెట్ తెరిచి ఎన్ని లైన్లకైనా సాగనివ్వండి, తెరవడం మాత్రం అదే లైన్లో. రియాక్ట్ లైబ్రరీతో రాసేవాళ్లు రిటర్న్ పక్కనే గుండ్రటి బ్రాకెట్ తెరిచి, కింది లైన్ నుంచి జేఎస్ఎక్స్ (ట్యాగులతో రాసే పేజీ భాగం) మొదలుపెట్టేది ఇందుకే. త్రో తర్వాత లైన్ మారితే మాత్రం జావాస్క్రిప్ట్ ఊరుకోదు, అక్కడే సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది. రిటర్న్‌కీ అలాగే చేసి ఉంటే ఎంత బాగుండేదో.

ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లకు ఒక మాట. ఈ రిటర్న్ ప్రశ్న ఫ్రంటెండ్ ఇంటర్వ్యూల్లో తరచు ఎదురవుతుంది. "అన్‌డిఫైన్డ్ వస్తుంది" అని ఊరుకోకుండా లేబుల్ సంగతి, రెండు ప్రాపర్టీల తేడా చెప్పగలిగితే, బట్టీ పట్టలేదని అడిగినవాళ్లకే తెలుస్తుంది.

ఐదో మెట్టు: ఎర్రర్ వచ్చాక ఏ వరసలో వెతకాలి

ముందు ఎర్రర్ మెసేజ్‌ను అక్షరాలా నమ్మండి. అది ఏ విలువను "ఫంక్షన్ కాదు" అంటోందో చూడండి. ఆ విలువను మీరు పిలిచారా? పిలవలేదంటే జావాస్క్రిప్ట్ మీ రెండు వాక్యాలను కలిపి చదివిందన్నమాట. ఈ ఒక్క ప్రశ్నతోనే సగం పని అయిపోతుంది.

తర్వాత ఎర్రర్ పక్కన ఫైల్ పేరు, లైన్ అంకె, ఆపైన కాలమ్ అంకె ఉంటాయి. కాలమ్‌ను చాలామంది పట్టించుకోరు. అది లైన్లో సరిగ్గా ఏ గుర్తు దగ్గర తేడా వచ్చిందో చెబుతుంది. అక్కడ బ్రాకెట్టో బ్యాక్‌టిక్కో ఉంటే వెంటనే పై లైన్‌కు వెళ్లండి. మధ్యలో ఖాళీ లైన్లున్నా కామెంట్లున్నా అవి అడ్డుగోడ కావు. పది ఖాళీ లైన్ల పైనున్న వాక్యంతోనూ అతుక్కుంటుంది.

అప్పటికీ తేలకపోతే ఫార్మాటర్‌ను, అంటే కోడ్‌ను చక్కగా సర్ది రాసే పనిముట్టును, అద్దంలా వాడండి. ప్రెటియర్ అనే ఫార్మాటర్ మీ ఫైల్‌ను లైన్ల వారీగా కాక, జావాస్క్రిప్ట్ చదివినట్టే చదివి తిరిగి రాస్తుంది. పైన చూసిన ధరల మార్పిడి కోడ్‌ను దానికిస్తే రెండో లైన్, మూడో లైన్ ఒకే వాక్యంగా కలిసి బయటికి వస్తాయి. 700 పక్కన బ్రాకెట్ అతుక్కుని కళ్లముందు నిలబడుతుంది. రిటర్న్ ఉదాహరణలో రిటర్న్ పక్కన సెమికోలన్ వచ్చి చేరుతుంది. చిక్కును చూడటానికి ఇంతకన్నా సులువైన దారి నాకు తెలియదు. ఒక్క జాగ్రత్త: ప్రెటియర్ అర్థాన్ని మార్చదు, ఉన్న తప్పును అందంగా సర్దుతుంది. చూశాక వెనక్కి తీసుకుని మీ చేత్తో సరిచేయండి.

అన్‌డిఫైన్డ్ తిరిగిచ్చే ఫంక్షన్ మీద అనుమానముంటే ఫైర్‌ఫాక్స్‌లో కూడా నడపండి. రిటర్న్ కింద విడిపోయిన లెక్కలాంటిది ఉంటే, రిటర్న్ తర్వాత చేరుకోలేని కోడ్ ఉందని దాని కన్సోల్ హెచ్చరిస్తుంది.

ఒకే లైన్లో రెండు వాక్యాలు రాసి మధ్యలో సెమికోలన్ మరిస్తే వచ్చేది వేరే, అది తేలిక. లైన్ మారలేదు కాబట్టి ఆదుకునే ఏర్పాటు పనిచేయదు, "అనుకోని ఐడెంటిఫయర్" అని సరిగ్గా అక్కడే చూపిస్తుంది. అలాగే వాట్సాప్‌లో పంపుకున్న కోడ్‌ను అతికించినప్పుడు లైన్లన్నీ కలిసిపోయి ఉంటే, అప్పటిదాకా లైన్ మార్పు మీద ఆధారపడి నడిచిన కోడ్ ఇలాగే విరుగుతుంది.

ఆరో మెట్టు: ఫైళ్లు కలిపే చోట, క్లాసుల్లో

ఒక్కో ఫైల్ విడిగా బాగా నడిచి, అన్నీ కలిపి ఒకే ఫైల్ చేయగానే పేజీ చచ్చిపోతుంది. మొదటి ఫైల్ చివర సెమికోలన్ లేదు, రెండోది గుండ్రటి బ్రాకెట్‌తో మొదలైంది. పాత లైబ్రరీల ఫైళ్లు తెరిస్తే మొట్టమొదటే ఒంటరిగా ఒక సెమికోలన్ కనబడుతుంది. తమ ముందు ఎవరి ఫైల్ వస్తుందో తెలియదు కాబట్టి రాసినవాళ్లు పెట్టుకున్న రక్షణ అది. చెత్త అనుకుని చెరపకండి. ఫైళ్లను కలిపే ఇప్పటి పనిముట్లు, అంటే బండ్లర్లు, కోడ్‌ను పూర్తిగా చదివి కలుపుతాయి కాబట్టి ఈ బాధ తగ్గింది. ఫైళ్లను ఉత్తినే ఒకదాని కింద ఒకటి అతికించే స్క్రిప్టులు వాడేచోట ఇంకా ఉంది.

పనిముట్ల మధ్య పేచీ కూడా ఒకసారి పెద్దదే జరిగింది. 2012 ఏప్రిల్‌లో బూట్‌స్ట్రాప్ అనే వెబ్ లైబ్రరీ కోడ్‌లో ఒక లైన్ సెమికోలన్ లేకుండా ముగిసి, కింది లైన్ ఆశ్చర్యార్థకంతో మొదలైంది. భాష ప్రకారం అది సరైన కోడే. డగ్లస్ క్రాక్‌ఫర్డ్ రాసిన జేఎస్‌మిన్ అనే కుదింపు పనిముట్టు ఆ లైన్ మార్పును తీసేయడంతో కోడ్ విరిగింది. తప్పు ఎవరిదన్న వాదన చాలాదూరం వెళ్లింది. మనకు పనికొచ్చేది ఇంతే: భాష ఒప్పుకున్నంత మాత్రాన మన కోడ్‌ను ముట్టుకునే ప్రతి పనిముట్టూ ఒప్పుకుంటుందని లేదు.

క్లాసుల్లో ఫీల్డులు ప్రమాణంలోకి వచ్చింది 2022లో. వాటితోపాటు కొత్త చోటు ఒకటి తయారైంది:

```
క్లాస్ చేప {
  ధర = 900
  ["మొత్తం ధర"](కిలోలు) {
    రిటర్న్ కిలోలు * థిస్.ధర
  }
}
```

900 వెంటనే చదరపు బ్రాకెట్ రావడంతో మళ్లీ మొదటి ఉదాహరణే. మెథడ్ శరీరం తెరిచే మీసాల బ్రాకెట్ దగ్గర సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. ఫీల్డు కింద నక్షత్రం గుర్తుతో జెనరేటర్ మెథడ్ రాసినా అంతే, గుణకారం అనుకుంటుంది. క్లాసు లోపల ఫీల్డుల చివర సెమికోలన్ తప్పక పెట్టమని నా గట్టి సలహా.

ఏడో మెట్టు: మళ్లీ రాకుండా కట్టుదిట్టం

సెమికోలన్లు పెట్టాలా మానాలా అని టీముల్లో వాదన నడుస్తూనే ఉంటుంది. పెట్టకుండా రాసే పద్ధతీ ఉంది. వాళ్లు ప్రమాదకరమైన గుర్తుతో మొదలయ్యే లైన్‌కు ముందు మాత్రం సెమికోలన్ పెడతారు, నియమం బాగా తెలిసినవాళ్లకు అది చక్కగా సాగుతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా ఉన్న టీములో మాత్రం అన్నిచోట్లా పెట్టడమే మేలంటాను. ఎవరు ఎక్కడ ఆగాలనుకున్నారో కోడ్ చూస్తేనే తెలుస్తుంది.

ఏది ఎంచుకున్నా కాపలా మనుషులకు అప్పగించకండి. కోడ్‌లో తప్పులు వెతికే ఈఎస్‌లింట్ అనే పనిముట్టు పెట్టుకోండి. అది సిఫారసు చేసే నియమాల కట్టలోనే మనకు కావాల్సినవి రెండు ఉన్నాయి. నో-అన్‌ఎక్స్‌పెక్టెడ్-మల్టీలైన్ అనేది రెండు లైన్లు అనుకోకుండా అతుక్కున్న చోట్లలో ముఖ్యమైనవాటిని పట్టుకుంటుంది. నో-అన్‌రీచబుల్ అనేది రిటర్న్ కింద మిగిలిపోయిన కోడ్‌ను పట్టుకుంటుంది. సెమీ అనే నియమం గురించి పాత పాఠాల్లో చదివి ఉంటారు. 2023లో ఈఎస్‌లింట్ తన ఫార్మాటింగ్ నియమాలను పక్కనపెట్టింది, అవి ఇప్పుడు ఈఎస్‌లింట్ స్టైలిస్టిక్ అనే వేరే ప్యాకేజీలో ఉన్నాయి. ఆ పనికి ప్రెటియర్ చాలు, మనం ఏమీ చెప్పకపోయినా అది సెమికోలన్లు పెడుతుంది.

విఎస్ కోడ్‌లో రాసేవాళ్లు ఫైల్ మొదట టీఎస్-చెక్ కామెంట్ పెడితే, టైప్‌స్క్రిప్ట్ (విలువల రకాలను ముందే తనిఖీ చేసే జావాస్క్రిప్ట్ రూపం) నేర్చుకోకపోయినా దాని తనిఖీ దొరుకుతుంది. పిలవకూడనిదాన్ని పిలిచినట్టు కనబడిన కొన్ని చోట్ల అది "సెమికోలన్ మరిచారా?" అనే అడుగుతుంది. సి నుంచి వచ్చినవాళ్లకు ఆ మాట ఎంత ఊరటో చెప్పక్కర్లేదు.

ఇవన్నీ కొత్త ప్రాజెక్టుకు సులువు. సీనియర్లు వదిలివెళ్లిన పాత ప్రాజెక్టు చేతికొస్తే వరస ముఖ్యం. ముందుగా ప్రెటియర్ నడపకండి. నడిపితే అతుక్కున్న లైన్లు అతుక్కున్నట్టే సర్దుకుని, రాసినవాళ్ల ఉద్దేశం తెలిపే లైన్ మార్పు చెరిగిపోతుంది. మొదట ఈఎస్‌లింట్‌లో పై రెండు నియమాలు మాత్రమే తెరిచి నడపండి. అది చూపినవాటిని ఒక్కొక్కటి చదివి చేత్తో సరిచేసి, పరీక్షించి, గిట్‌లో ఒక కమిట్‌గా (నమోదు చేసిన మార్పుగా) పెట్టండి. ఆ తర్వాత మొత్తం ప్రాజెక్టు మీద ప్రెటియర్ నడిపి, అందులో ఇంకే మార్పూ కలపకుండా వేరే కమిట్ చేయండి. ఏ లైన్ ఎవరు మార్చారో చూపే గిట్ బ్లేమ్ చూసినప్పుడు ప్రతి లైన్ మీదా మీ పేరే రాకుండా, ఆ రెండో కమిట్ గుర్తింపు సంఖ్యను ఒక ఫైల్లో రాసి, బ్లేమ్ అలాంటి కమిట్లను దాటవేసేలా గిట్ సెట్టింగుల్లో ఆ ఫైల్ పేరు ఇవ్వండి. చివరగా, కమిట్‌కు ముందు ఈఎస్‌లింట్ తనంతట అదే నడిచేలా హుక్ పెట్టండి.